చుక్క, గీత, గడి: మీ పిల్లలు ఆడుతున్న ఈ ఆట ఏమిటి?



సాయంత్రం హోంవర్క్ అయ్యాక మీ అబ్బాయో అమ్మాయో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పక్కన రఫ్ నోట్‌బుక్‌లో చుక్కలూ గీతలూ వేసుకుంటుంటే కంగారు పడకండి. మోర్స్ కోడ్‌నూ గడుల పజిల్‌నూ కలిపిన ఆటలు ఇప్పుడు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటున్నాయి. యాప్ దించుకోనక్కర్లేదు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్లో కొందరికి ఇవి బాగా పట్టుకున్నాయి. "ఇది ఆటా, చదువా? ఆడనివ్వాలా, ఆపాలా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఆట లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ నిర్ణయం మీరే తీసుకోగలరు.

ముందు మోర్స్ సంగతి. టెలిగ్రామ్ అనే మాట మన పిల్లలకు ఫోన్‌లోని యాప్ పేరుగానే తెలుసు. ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడిగితే వేరే కథ చెబుతారు. టెలిగ్రామ్ వచ్చిందంటే విప్పకముందే గుండె గుభేలుమనే రోజులవి. మన దేశంలో ఆ సేవ 2013 జూలైలో ముగిసింది. అప్పటికి చాలా ముందే తంతి ఆఫీసుల్లోని టకటకల స్థానంలోకి టెలిప్రింటర్లు, తర్వాత కంప్యూటర్లు వచ్చేశాయి. కానీ వీటన్నిటికీ మొదలు ఆ టకటకలే. 1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తీగ మీద సందేశం పంపాడు. తీగలో కరెంటు ఉందా, లేదా అన్న ఒక్క తేడాతోనే అక్షరాలన్నీ పంపడం అందులోని కిటుకు. కొద్దిసేపు ఉంటే చుక్క, ఎక్కువసేపు ఉంటే గీత.

ఎంతసేపు అన్నదానికి కచ్చితమైన కొలత ఉంది. ఇవాళ వాడుకలో ఉన్న అంతర్జాతీయ మోర్స్‌లో చుక్క ఒక పాలు అనుకుంటే గీత మూడు పాళ్లు. ఒకే అక్షరంలో చుక్కకూ గీతకూ మధ్య ఖాళీ ఒక పాలు, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకూ మాటకూ మధ్య ఏడు. ఆట మొత్తం ఈ ఒకటి-మూడు కొలత మీదే నిలబడి ఉంది కాబట్టి దీన్ని కాస్త గుర్తుంచుకోండి.

ఏ అక్షరానికి ఏ గుర్తు ఇవ్వాలన్నది కూడా గాలివాటంగా జరగలేదు. ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే 'ఇ' అక్షరానికి ఒకే ఒక్క చుక్క, 'టి'కి ఒకే ఒక్క గీత ఇచ్చారు. అరుదుగా వచ్చే 'క్యూ' లాంటి వాటికి నాలుగు గుర్తులు పడ్డాయి. ఇంట్లో రోజూ వాడే గిన్నెలు చేతికందే అరలో, పండక్కి తీసేవి అటక మీద పెట్టినట్టు. ఇక్కడ చిన్న లెక్క కూడా ఉంది. ఒక గుర్తుతో 2 అక్షరాలు, రెండు గుర్తులతో 4, మూడింటితో 8, నాలుగింటితో 16 చేయవచ్చు. మొత్తం 30. ఇంగ్లిష్‌కు 26 చాలు, నాలుగు మిగిలిపోతాయి. మన తెలుగు అక్షరమాలకైతే నాలుగు గుర్తుల కొలత సరిపోదు, ఐదో గుర్తు దాకా వెళ్లాల్సిందే. ఎందుకో పిల్లల్ని లెక్క కట్టమనండి.

తెలుగు అన్నాను కదా, ఇక్కడ ఒక తమాషా చెప్పకుండా ఉండలేను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఛందస్సు చదువుతారు. లఘువు, గురువు, వాటిని మూడేసి చొప్పున పేర్చితే ఎనిమిది గణాలు. 'యమాతారాజభానసలగం' మీకూ గుర్తుండే ఉంటుంది. లఘువును చుక్క, గురువును గీత అనుకుని చూడండి. మోర్స్‌లో మూడు గుర్తుల అక్షరాలు కూడా సరిగ్గా ఎనిమిదే, ఒక్కటీ ఖాళీగా లేదు. మూడు లఘువుల నగణం 'ఎస్'. మూడు గురువుల మగణం 'ఓ'. సముద్రంలో ఓడలు ఆపద వస్తే పంపే ఎస్ఓఎస్‌ను గణాల్లో రాస్తే న-మ-న! గురువుకు రెండు మాత్రలే, గీతకు మూడు పాళ్లు కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు. అయినా ఛందస్సు అంటే ముఖం ముడుచుకునే పిల్లవాడికి ఇది చూపించండి. గణవిభజన చేసే చేతికి మోర్స్ చదవడం కొత్త పని కాదు.

ఇక గడులు. సుడోకు పేపర్లలో రోజూ వస్తుంది కాబట్టి దాని గురించి చెప్పనక్కర్లేదు. ఈ ఆటకు మరింత దగ్గరి చుట్టం నానోగ్రామ్. 1987లో నాన్ ఇషిదా అనే జపాన్ మహిళ ఎత్తైన భవనాల కిటికీల్లో దీపాలు వెలిగించి, ఆర్పి బొమ్మలు గీసే ఆలోచనతో టోక్యోలో ఒక పోటీ గెలిచారు. ఆ ఆలోచనే పజిల్‌గా మారింది. దాదాపు అదే సమయంలో తెత్సుయా నిషియో అనే మరో జపానీయుడు విడిగా ఇలాంటిదే తయారుచేశాడు. వరుస పక్కన ఉన్న అంకెలు చూసి ఏ గడి నింపాలో, ఏది ఖాళీగా వదలాలో తేల్చడం ఈ పజిల్ పద్ధతి.

రెండూ కలిస్తే ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం. ఆటల్లో చిన్న చిన్న తేడాలుంటాయి. నేను చెప్పేది గళ్ల నోట్‌బుక్‌లోనే ఆడగలిగే సులువైన రూపం. ఐదు గడుల వెడల్పు, మూడు అడ్డ వరుసలు. ఒక్కో అడ్డ వరుసలో ఒక్కో ఇంగ్లిష్ అక్షరం దాగి ఉంటుంది. చుక్క అంటే నింపిన ఒక గడి. గీత అంటే పక్కపక్కనే నింపిన మూడు గడులు. వాటి మధ్య ఒక ఖాళీ గడి. ఏ వరుసలో మొత్తం ఎన్ని గడులు నిండాయో మాత్రమే మనకు చెబుతారు.

అడ్డ వరుసల అంకెలు పైనుంచి కిందికి: 4, 4, 3.
నిలువు వరుసల అంకెలు ఎడమ నుంచి కుడికి: 3, 2, 3, 1, 2.
ఆధారం: చక్కెర డబ్బా దగ్గర కనిపిస్తుంది.

పెన్సిల్ తీసుకోండి. మొదటి వరుసలో ఐదింట నాలుగు నిండాలి, అంటే ఒక్కటే ఖాళీ. ఆ ఖాళీ చివరి గడి అయితే వరసగా నాలుగు నిండిన గడులు వస్తాయి. అలాంటి గుర్తు మోర్స్‌లో లేదు. ఖాళీ మొదటి గడి అయినా అంతే. నడిమి గడి అయితే రెండు, రెండుగా విడిపోతాయి, రెండు గడుల గుర్తూ లేదు. కాబట్టి ఖాళీ రెండో గడి కావాలి, లేదంటే నాలుగోది. మొదటిదైతే చుక్క-గీత, అంటే 'ఎ'. రెండోదైతే గీత-చుక్క, అంటే 'ఎన్'. చూశారా, ఇంకా నిలువు అంకెల జోలికి వెళ్లకుండానే 26 అక్షరాల్లో 24 పోయాయి. రెండో వరుసకూ ఇదే మాట.

మూడో వరుసలో మూడు గడులు. మూడు విడి చుక్కలైతే 'ఎస్', ఒకే గీత అయితే 'టి'. ఆ గీత ఎడమకు ఆనుకుని ఉండవచ్చు, మధ్యలో ఉండవచ్చు, కుడికి జరిగి ఉండవచ్చు. ఎలా ఉన్నా నడిమి గడి మాత్రం నిండే ఉంటుంది. నానోగ్రామ్ ఆడేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే ఎత్తు ఇది: ఎక్కడ ఉందో తెలియకపోయినా, ఎక్కడ తప్పక ఉండాలో తెలుస్తుంది.

ఇప్పుడు ఐదో నిలువు వరుస అంకె చూడండి, 2. 'ఎ' అయినా 'ఎన్' అయినా ఐదో గడి నిండుతుంది. పై రెండు వరుసలతోనే ఆ 2 అయిపోయింది. కాబట్టి మూడో వరుసలో ఐదో గడి ఖాళీ. దాంతో 'ఎస్' పోయింది, ఉన్నది 'టి'. మొదటి నిలువు అంకె 3 కాబట్టి మూడు వరుసలూ మొదటి గడితోనే మొదలవ్వాలి. అంటే 'టి' ఎడమకు ఆనుకుని ఉంది. ఇక రెండో నిలువు అంకె 2. అందులో ఒకటి 'టి' ఇచ్చింది. మిగిలిన ఒకటి పై రెండు వరుసల్లో ఏదో ఒకటే ఇవ్వాలి. రెండో గడి నిండేది 'ఎన్'కే. కాబట్టి ఒకటి 'ఎ', ఒకటి 'ఎన్'.

ఏది పైన, ఏది కింద? గడులు ఇక చెప్పలేవు. ఆ రెండు వరుసలను తారుమారు చేసినా నిలువు అంకెలు మారవు. ఇక్కడ భాష పనికొస్తుంది. ఎ-ఎన్-టి, చక్కెర డబ్బా దగ్గరి చీమ.

■ □ ■ ■ ■
■ ■ ■ □ ■
■ ■ ■ □ □

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, "కాబట్టి" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో మీరు గమనించాలని. జ్యామితిలో నిరూపణ రాసేటప్పుడు పిల్లలు తడబడేది సరిగ్గా ఆ మాట దగ్గరే. జవాబు తెలుస్తుంది, అది ఎందుకు జవాబో రాయలేరు. ఈ ఆట ఆడితే మార్కులు పెరుగుతాయని మాత్రం నేను చెప్పను. అలా ఎవరైనా చెప్పి ఫీజు అడిగితే నమ్మకండి కూడా. ఒక గడి నింపే ముందు కారణం వెతుక్కునే అలవాటుకు ఇది మంచి చోటు అని మాత్రం చెప్పగలను.

అయితే ఒక చిక్కుంది. మీ జోక్యం అవసరమయ్యేది ఇక్కడే. బ్రౌజర్‌లో చాలా ఆటలు గడి తప్పుగా నింపగానే ఎర్రగా చూపిస్తాయి. ఎర్రబడితే తీసేసి పక్క గడి నొక్కడం, అదీ ఎర్రబడితే ఇంకోటి నొక్కడం. ఇలా ఒక్క క్షణం ఆలోచించకుండా కూడా ఆట ముగించవచ్చు. ఆలోచించి గెలిచిన పిల్లకూ, నొక్కి నొక్కి గెలిచిన పిల్లవాడికీ స్క్రీన్ మీద ఒకే అభినందన వస్తుంది. వెనక నుంచి చూసే మీకు కూడా తేడా తెలియదు. తప్పు జవాబుకు మార్కు కోసే జేఈఈ లాంటి పరీక్షకు రేపు వెళ్లాల్సిన పిల్లలకు ఊరికే నొక్కి చూసే అలవాటు ఏ వైపు నుంచి చూసినా మంచిది కాదు.

తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. నింపిన గడి ఒకటి చూపించి, "ఇది నిండాలని నీకెలా తెలిసింది నాన్నా?" అని అడగండి. మీకు మోర్స్ రాకపోతే మరీ మంచిది. నిజంగా తెలియని అమ్మకో నాన్నకో చెప్పేటప్పుడు పిల్లలు మెట్టు మెట్టుగా చెబుతారు. "అలా అనిపించింది" అంటే కోప్పడకండి, ఆ గడి చెరిపి మళ్లీ చూడమనండి. ఎర్రగా చూపించే సౌకర్యాన్ని ఆపే వీలు సెట్టింగ్స్‌లో ఉంటే ఆపేయండి. లేకపోతే ఆ రోజు పజిల్‌ను నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని కాగితం మీదే తేల్చి, చివర్లో ఒక్కసారి స్క్రీన్‌లో నింపమనండి. స్క్రీన్ టైమ్ కూడా తగ్గుతుంది. అంతుచిక్కకపోతే రేపటికి వదిలేయనివ్వండి. దయచేసి మీరు మాత్రం జవాబు చెప్పేయకండి. పక్కన కూర్చున్న నాన్నకు చేయి ఊరుకోదని నాకు తెలుసు.

ప్రకటనలు ఎక్కువగా వచ్చే సైట్లు, పేరూ ఫోన్ నంబరూ అడిగే సైట్లు వద్దు. ఇలాంటి పజిల్‌కు పిల్లల వివరాలతో పనిలేదు. రోజూ ఆడకపోతే వరస తెగిపోతుందని బెదిరించే ఆటలున్నాయి, ఆ వరస తెగినా ఏమీ కాదని ముందే చెప్పి ఉంచండి.

ఇంకో మాట. ఈ ఆటల్లో పిల్లలు నేర్చేది కంటితో చదివే మోర్స్. అసలు మోర్స్ చెవిది. హామ్ రేడియో వాళ్లు దాన్ని ఇప్పటికీ ఇష్టంగా వాడుతున్నారు. విమానాలకు దారి చూపే రేడియో కేంద్రాలు కొన్ని తమ గుర్తింపును ఇప్పటికీ మోర్స్ అక్షరాల్లోనే వినిపిస్తాయి. చెవితో నేర్చేవాళ్లు చుక్కలు లెక్కపెట్టరు, అక్షరం మొత్తాన్ని ఒక దరువులా గుర్తుపడతారు. ఆసక్తి ఉన్న పిల్లలు బల్ల మీద వేళ్లతో తమ పేరు కొట్టి చూసుకోవచ్చు. భోజనాల దగ్గర కొట్టినా ఒక వారం ఓర్చుకోండి.

ఈ నెల ఇంటిల్లిపాదికీ ఒక పజిల్. ఐదు గడుల వెడల్పు, మూడు అడ్డ వరుసలు. అడ్డ వరుసల అంకెలు 3, 1, 4. లెక్కలు ఇష్టపడేవాళ్లు ఈ మూడు అంకెలూ చూసి నవ్వుకుంటారు. నిలువు వరుసల అంకెలు 3, 0, 2, 1, 2. ఈసారి భాష సాయం అక్కర్లేదు, గడులే మొత్తం తేల్చేస్తాయి. అయినా ఒక ఆధారం ఇస్తున్నాను: విశాఖలో ఉంది, హైదరాబాద్‌లో లేదు. జవాబు వచ్చే నెల సంచికలో.