డిక్కీ మీద స్పాయిలర్: షోకెంత, పనెంత?

కొత్త ఎస్‌యూవీ ఇంటికొచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు నలిగి, గుళ్లో పూజ అయిపోయాక చాలామంది బండి తిప్పేది యాక్సెసరీస్ షాపు వైపే. మ్యాట్లు, సీటు కవర్లు, కిటికీల మీద వాన పడకుండా వైజర్లు బిగించడం అయ్యాక షాపాయన వెనక్కి వెళ్లి డిక్కీ పైఅంచు మీద చెయ్యి వేస్తాడు. "టాప్ మోడల్‌కి వచ్చే స్పాయిలర్ ఉంది సార్, వేసేద్దామా?" అంటాడు. దాంతోపాటు మూడు హామీలూ ఇస్తాడు. బండికి లుక్ వస్తుందట, హైవే మీద రోడ్డుకు అతుక్కుని పోతుందట, మైలేజీ కూడా కాస్త పెరుగుతుందట.

లుక్ సంగతి కొనేవారి ఇష్టం. తేల్చుకోవాల్సింది మిగతా రెండిటి సంగతి.

ఎస్‌యూవీ వెనక భాగం దాదాపు గోడలా నిటారుగా ఉంటుంది. పైకప్పు మీదుగా జారుతూ వచ్చిన గాలి అక్కడికి రాగానే కిందికి మలుపు తీసుకోలేక లోహాన్ని వదిలేస్తుంది. బండి వెనకాల ఒత్తిడి తగ్గిన ఖాళీ ఒకటి ఏర్పడి, అందులో గాలి సుడులు తిరుగుతుంది. ముందున్న గాలి తోస్తుంటే వెనకున్న ఈ ఖాళీ లాగుతుంది. ఇంజిన్ ఆ రెండిటితోనూ పోరాడాలి. మట్టిరోడ్డు మీద వెళ్లొచ్చిన ఎస్‌యూవీకి వెనకద్దం మాత్రమే అంతగా దుమ్ము కొట్టుకుపోవడానికి కారణమూ ఆ సుడులే. టైర్లు లేపిన ధూళిని అవి తీసుకొచ్చి అద్దానికి కొడతాయి. సెడాన్లకు అరుదుగా కనిపించే వెనక వైపర్ ఎస్‌యూవీలకు, హ్యాచ్‌బ్యాక్‌లకు ఉండటం అందుకే.

పైకప్పును కొన్ని అంగుళాలు వెనక్కి పొడిగించి, చివర పదునైన అంచు ఇస్తే గాలి ఎక్కడ విడిపోవాలో అక్కడే శుభ్రంగా విడిపోతుంది. వెనక ఖాళీ కాస్త కుదించుకుపోయి, లాగే బలం తగ్గుతుంది. కంపెనీలు డిక్కీ పైన పెట్టే స్పాయిలర్ చేసే పని ఇదే. అయితే ఆ అంచు ఎంత పొడవుండాలి, ఎంత వాలాలి అన్నది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. పైకప్పు వాలు, వెనకద్దం కోణం, పక్కల వంపు అన్నీ కలిపి కంప్యూటర్ మీదా, గాలి సొరంగంలోనూ పరీక్షించి తేలుస్తారు. కొద్ది డిగ్రీల తేడాతో లాభం కాస్తా నష్టంగా మారవచ్చు. చివర పైకి తిరిగి ఉన్న స్పాయిలర్ చూడ్డానికి రేసు కారులా ఉంటుంది కానీ, వెనక ఖాళీని పెంచి బండిని మరింత వెనక్కి లాగే ప్రమాదమూ ఉంది. బయట షాపులో దొరికే ముక్కకు ఇలాంటి పరీక్ష జరిగిందా అని అడిగితే సమాధానం రావడం కష్టం. "అన్నిటికీ సరిపోతుంది" అని అమ్మే రకానికైతే అసలు అడగనక్కర్లేదు.

గాలి విషయంలో ఎక్కడ ఎంత లాభం ఉంటుందో తెలియాలంటే అమెరికాలోని నాసా ప్రయోగం ఒకటి చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో ఎడ్వర్డ్స్ అనే చోట ఆ సంస్థకు విమాన పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే ఎడ్విన్ సాల్ట్జ్‌మన్ అనే ఇంజినీరు సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవాడు. పక్కనుంచి పెద్ద లారీ వెళ్లినప్పుడల్లా గాలి మొదట అవతలికి నెట్టడం, ఆ వెంటనే లారీ వైపు లాగడం గమనించాడు. 1973లో ఆయన బృందం ఒక పాత ఫోర్డ్ వ్యాన్ చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి, మూలలన్నీ నిటారుగా ఉండే పెట్టెలా తయారుచేసింది. తర్వాత ఒక్కో మార్పూ చేసుకుంటూ రోడ్డు మీద నడిపి చూశారు. ముందువైపు మూలలు, అంచులు గుండ్రంగా చేయగానే గాలి నిరోధం 52 శాతం పడిపోయింది. కింది భాగం మూసేస్తే ఇంకో 7 శాతం తగ్గింది. ఇదే పద్ధతి లారీలకు వాడితే హైవే వేగంలో 15 నుంచి 25 శాతం ఇంధనం మిగలవచ్చని లెక్క వేశారు. క్యాబిన్ పైన వాలుగా గాలి మళ్లించే డోము పెట్టుకున్న లారీలు మన హైవేల మీదా కనిపిస్తుంటాయి. వాటి వెనకున్న ఆలోచన ఇదే. క్యాబిన్ కంటే ఎత్తైన బాడీ ఉన్న లారీకి ఆ డోము నిజంగా పనికొస్తుంది.

ఎస్‌యూవీ కథ వేరు. దాని ముందు అంచులు కంపెనీలోనే నున్నగా తయారై వస్తాయి. పెద్ద లాభం అక్కడే వచ్చేసింది కాబట్టి వెనకాల మిగిలింది కొసరే. ఆ కొసరు ఎంతో లెక్క కట్టి చూడొచ్చు. మధ్యస్థంగా ఉండే ఎస్‌యూవీకి గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురయ్యే గాలి నిరోధం సుమారు 42 కిలోల బరువుతో సమానం. వేగం తగ్గితే ఇది వర్గం చొప్పున తగ్గుతుంది. అంటే 40 వేగంలో 7 కిలోల లోపే. స్పాయిలర్ బాగా కుదిరి నిరోధాన్ని 3 శాతం తగ్గించిందనుకుందాం. 100 వేగంలో కలిగే లాభం కిలోంపావు. అమీర్‌పేట ట్రాఫిక్‌లోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో 40లో వెళ్తున్నప్పుడు 200 గ్రాములు. సిగ్నల్ దగ్గర ఒక్కసారి బ్రేకు తొక్కి మళ్లీ యాక్సిలరేటర్ నొక్కితే పోయే ఇంధనం ముందు ఇది ఏ మూలకు? మైలేజీ హామీ ఇంతటితో సరి.

రోడ్డుకు అతుక్కుపోవడం అన్న మాటకు మాత్రం చరిత్ర ఉంది. 1998లో మార్కెట్లోకి వచ్చిన ఆడీ టీటీ కారు వెనక భాగం గుండ్రంగా, ముద్దుగా ఉండేది. వేగ పరిమితి లేని జర్మనీ ఆటోబాన్ల మీద అతివేగంలో ఆ గుండ్రటి వెనక భాగాన్ని గాలి పైకి లేపేది. వెనక చక్రాలు పట్టు తప్పి ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలూ పోయాయి. చివరికి ఆడీ అమ్మిన కార్లను వెనక్కి పిలిపించి డిక్కీ మీద చిన్న స్పాయిలర్ బిగించింది, సస్పెన్షన్ మార్చింది. కొత్తగా తయారయ్యే కార్లకు జారిపోకుండా అదుపుచేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థనూ చేర్చింది. అమ్మిన తర్వాత స్పాయిలర్ బిగించడం అవసరమైన సందర్భం ఏదైనా ఉందంటే అది ఇదే. అక్కడ స్పాయిలర్ ఒక్కటే పని చక్కబెట్టలేదు, సస్పెన్షన్ కూడా మార్చాల్సి వచ్చిందన్నది గమనించాలి. పైగా ఆ ఇబ్బంది వచ్చింది మన రోడ్ల మీద ఎవరూ వెళ్లకూడని వేగాల్లో. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా గరిష్ఠ వేగం 120 మాత్రమే.

రేసు కార్ల వెనక ఎత్తుగా నిలబడే రెక్క మరో జాతి. విమానం రెక్కను తిరగేసినట్టుండే అది కారును కిందికి నొక్కుతుంది. 1973లో బీఎండబ్ల్యూ 3.0 సీఎస్ఎల్ కారుకు అలాంటి పెద్ద రెక్కే వచ్చింది. జర్మనీ రోడ్ల మీద దానికి అనుమతి లేకపోవడంతో కంపెనీ దాన్ని బిగించకుండా డిక్కీలో పెట్టి అమ్మేది. కొన్నవాళ్లు ఇంటికెళ్లి బిగించుకోవాలన్నమాట! ఇప్పుడు కొందరు పికప్ ట్రక్కుల వెనక తొట్టి మీద అలాంటి రెక్కలు పెట్టించుకుంటున్నారు. క్యాబిన్ దాటి వచ్చిన గాలి అప్పటికే చెదిరిపోయి ఉంటుంది. చెదిరిన గాలిలో రెక్క పని చేయడం కల్ల. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి బండ్లున్నవారు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. గాలి తేలిగ్గా పోతుందని వెనక తలుపు దించి నడిపితే లాభం లేదు. తలుపు మూసి ఉంటే తొట్టిలో గాలి ఒక బుడగలా తిరుగుతూ ఉండిపోతుంది, పై గాలి దాని మీదుగా జారిపోతుంది. తలుపు దించితే ఆ బుడగ చెదిరి నిరోధం పెరుగుతుంది.

ఇంతకీ స్పాయిలర్ వద్దని కాదు. క్రెటా, బ్రెజా, నెక్సాన్ లాంటి బండ్లలో కింది వేరియంట్ కొన్నవారికి పై వేరియంట్ వెనక భాగం మీద మనసు పోవడం సహజం. షోకు కోసమే అని ఒప్పుకుని పెట్టించుకుంటే తప్పేమీ లేదు. అప్పుడు చూడాల్సిందల్లా బిగించే పనితనం.

ముందుగా సరుకు. ఏబీఎస్ ప్లాస్టిక్‌తో అచ్చులో తీసినది కొలతకు నిక్కచ్చిగా వస్తుంది. ఫైబర్‌తో చేసింది చౌక. కానీ దాన్ని చేత్తో చేస్తారు కాబట్టి ఒక్కో ముక్క ఒక్కోలా ఉంటుంది. పుట్టీ పెట్టి, రుద్ది సరిచేయాల్సి వస్తుంది. రంగు వేయించక ముందే డిక్కీ మీద ఆనించి రెండు చివరలా సందు ఒకేలా ఉందో లేదో చూడాలి. రంగు పడ్డాక ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు. రంగు కూడా బండి మీద స్టిక్కర్‌లో ఉండే కలర్ కోడ్ ప్రకారం కలపాలి. ముత్యపు తెలుపు లాంటి రంగులైతే మరీ జాగ్రత్త. నీడలో కలిసిపోయినట్టుండి, ఎండలోకి రాగానే స్పాయిలర్ ఒకటి, బండి ఒకటి అయిపోతాయి.

బిగించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి డబుల్ టేపు. నాసిరకం టేపుతో అతికించిన స్పాయిలర్ హైవే మీద ఊడితే వెనకొచ్చే బైకు మీద పడుతుంది. మంచి అక్రిలిక్ ఫోమ్ టేపు మాత్రం నమ్మదగిందే, అయితే దాని పద్ధతి పాటించాలి. ముందుగా డిక్కీ మీది మైనం, పాలిష్ పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. రేకు మరీ వేడిగా ఉండకూడదు. 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి మీద అతికిస్తే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. గట్టిగా నొక్కాక ఇరవై నిమిషాలకు వచ్చే పట్టు సగమే. ఒక రోజుకు 90 శాతం వస్తుంది, పూర్తి పట్టుకు 72 గంటలు పడుతుంది. "అయిపోయింది సార్, వాటర్ సర్వీసింగ్ చేయించుకుని వెళ్లండి" అనే షాపువాడికి ఈ సంగతి తెలియదనే అనుకోవాలి.

రెండోది డ్రిల్లు చేసి బోల్టులు వేయడం. పట్టు గట్టిగా ఉంటుంది. కానీ ఒకసారి రేకుకు పడ్డ రంధ్రం మళ్లీ మూసుకోదు. డ్రిల్లు చేశాక రంధ్రం అంచు మీద బయటపడ్డ ఇనుముకు రంగు పూయకపోతే అక్కణ్నుంచే తుప్పు మొదలవుతుంది. కింద రబ్బరు వాషరు, సీలెంటు లేకపోతే వాన నీళ్లు డిక్కీ తలుపులోకి దిగి, కొన్నాళ్లకు తాళం దగ్గరో, స్పీకర్ దగ్గరో పైకి తేలతాయి. పని అయ్యాక అక్కడే పైపుతో నీళ్లు కొట్టించి, లోపలి గుడ్డ తడిసిందేమో వేలితో తాకి చూసుకోవడం మంచిది. స్పాయిలర్ బరువుకు డిక్కీ తలుపును ఎత్తి పట్టే గ్యాస్ రాడ్లు దిగజారుతున్నాయేమో కూడా చూడాలి. సామాను తీస్తుండగా తల మీద పడే డిక్కీ ప్రమాదకరం.

వెనకద్దం పైన ఉండే ఎర్ర బ్రేక్ లైటును చాలామంది పట్టించుకోరు. అది అలంకారం కాదు. అమెరికాలో 1986 మోడల్ నుంచి కార్లకు, 1994 మోడల్ నుంచి చిన్న ట్రక్కులు, ఎస్‌యూవీలకు దాన్ని తప్పనిసరి చేశారు. వెనక నుంచి గుద్దే ప్రమాదాలు దానివల్ల 4.3 శాతం తగ్గాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ తర్వాత లెక్క తేల్చింది. గాలి నిరోధంలో కొసరు లాభం కోసం, లేదా ఉత్త షోకు కోసం ఆ దీపాన్ని స్పాయిలర్ కింద దాచేయడం తెలివితక్కువ పని. స్పాయిలర్‌లోనే లైటు ఉంటే దాని వైరు డిక్కీకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచే వెళ్లాలి. బయటనుంచి లాగిన వైరు తలుపు మూసినప్పుడల్లా నలిగి ఒకరోజు తెగుతుంది. వైపర్‌కు నీళ్లు చిమ్మే నాజిల్‌కు, వెనక కెమెరాకు అడ్డు రాకూడదని వేరే చెప్పాలా!

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసు ఒకదానిలో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ అన్న నిబంధన చేరింది. ఆర్‌సీలో స్పాయిలర్ అనే గడి ఏదీ ఉండదు కాబట్టి కంపెనీ సొంత యాక్సెసరీల జాబితాలో ఉన్న చిన్న స్పాయిలర్‌తో ఇబ్బంది రాకపోవచ్చు. బాడీ అంచులు దాటి బయటికి పొడుచుకొచ్చే రెక్కలైతే కోరి తలనొప్పి తెచ్చుకున్నట్టే. షోరూమ్‌లో బిగించుకుంటే వారంటీ గొడవ తక్కువ. బయట డ్రిల్లు చేయించాక డిక్కీ తుప్పు పట్టిందని వెళ్తే కంపెనీ చేతులెత్తేస్తుంది. బీమా పాలసీలో దాన్ని చేర్పించుకోకపోతే వెనకనుంచి ఎవరైనా గుద్దినప్పుడు దాని ఖరీదు వచ్చే ఆశ తక్కువ.

మైలేజీయే అసలు కోరిక అయితే చూపు డిక్కీ మీంచి పైకప్పు మీదికి మళ్లించాలి. పైకప్పు మీద పెద్ద సామాను పెట్టె ఉంటే అంతర్రాష్ట్ర హైవేల వేగంలో ఇంధన సామర్థ్యం 10 నుంచి 25 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఏ సంక్రాంతికో ఊరికి వెళ్లడానికి బిగించి, ఉగాది దాటినా విప్పకుండా ఖాళీగా మోసుకు తిరుగుతున్న క్యారియర్ కూడా ఎంతోకొంత తింటూనే ఉంటుంది. స్పాయిలర్ బేరం ఆడేముందు దాన్ని విప్పించండి. టైర్లలో గాలి సరిగ్గా ఉందో లేదో చూపించుకోండి. ఈ రెండిటికీ పెద్దగా ఖర్చు కాదు.