చేప పార్శ్వరేఖ

దిల్‌సుఖ్‌నగర్‌కు, ఎల్‌.బి.నగర్‌కు సమీపంలోని సరూర్‌నగర్ చెరువులోకి చుట్టుపక్కల కాలనీల మురుగు చేరుతూ వచ్చింది. అటువంటి మసక నీటిలో చేపకు కన్ను అంతగా అక్కరకు రాదు. దానికి దారి చూపేది పార్శ్వరేఖ. అంగడిలోని రోహును పరికించినా మొప్ప వెనుక నుండి తోక వరకు ఆ గీత కనిపిస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అది గీత కాదు, పొలుసులలోని రంధ్రాల వరుస. ఆ రంధ్రాలు చర్మం కింది సన్నని నాళంలోకి తెరుచుకుంటాయి. నాళంలో రోమకణాలు గుంపులుగా ఉంటాయి. వాటి రోమాలు జిగురుతో ఏర్పడిన టోపీ వంటి భాగంలో ఇమిడి ఉంటాయి. నీరు కదిలితే టోపీ ఒరుగుతుంది, రోమాలు వంగుతాయి, నాడి మెదడుకు వార్త చేరవేస్తుంది. దూరం నుండే తాకి తెలుసుకోవడమన్నమాట! నీటిలో కరిగిన రాగి మితిమీరితే ఈ కణాలు చనిపోతాయి. నీరు శుభ్రపడితే చేపలో అవి మళ్ళీ పుడతాయి. మన లోపలి చెవిలోనూ ఇటువంటి రోమకణాలే ఉన్నాయి. అవి నశిస్తే తిరిగి రావు.