మగ్గం మీద మూడో దారి

రంగులన్నీ కలిస్తే వెలుగులో తెలుపు, అద్దకంలో నలుపు. ఎందుకో అందరికీ అర్థమయ్యేలా ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గడువు శుక్రవారం సాయంత్రం. వెలుగు గురించీ, అద్దకం గురించీ చదవడానికి చాలానే ఉంది. నన్ను పట్టి నిలిపింది మాత్రం నారాయణపేట గళ్ల చీర.

తెల్లటి నేల మీద నల్లటి గళ్లున్న చీరను కిటికీ దగ్గర పరిచి చూడండి. నేతకు వాడినవి రెండే రంగుల నూలు. పడుగులోని నల్లచారను పేకలోని నల్లచార దాటే చోట చిక్కటి నలుపు. తెల్ల పడుగు మీద తెల్ల పేక పడిన చోట తెలుపు. నల్లచార తెల్లపోగులతో అల్లుకుంటూ సాగినంత మేరా బూడిద రంగు. ఆ బూడిదను ఎవరూ అద్దలేదు. భూతద్దం పెడితే నల్లపోగు, తెల్లపోగు వేటికవే కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగితే కంటికి అంత సన్నటి పోగులు విడిగా ఆనవు, రెండూ కలిసిపోతాయి.

ఇప్పుడు ఆకుపచ్చ నేల, ఎర్ర గళ్లు. టీవీ తెర మీద ఎర్ర వెలుగు, ఆకుపచ్చ వెలుగు కలిస్తే పసుపు పుడుతుంది, ఎందుకంటే ఒకదానికి మరొకటి తోడై కంటికి చేరే కాంతి పెరుగుతుంది. దానికి నీలం కూడా సరిపాళ్లలో చేరితే తెలుపు. అదే ఎరుపు, ఆకుపచ్చ అద్దకపు తొట్టిలో కలిస్తే ఒకటి వదిలిన కాంతిని రెండోది మింగేస్తుంది. మిగిలేది నలుపుకు దగ్గరి మురికి రంగు. మగ్గం మీద ఈ రెండూ జరగవు. ఏ పోగు రంగు ఆ పోగుదే. సగం చోటు నుంచి ఎరుపు, సగం చోటు నుంచి ఆకుపచ్చ వచ్చి కంట్లో సగటు అవుతాయి. కనిపించేది వెలుగు తగ్గిన పసుపు, అంటే గోధుమ ఛాయ. అవే రెండు రంగులు, మూడు ఫలితాలు. పట్టులో అయితే చూసే కోణాన్ని బట్టి ఒకసారి పడుగు, ఒకసారి పేక పైచేయి అవుతుంది. నెమలికంఠం రంగు మెరుపు అక్కడిదే.

అందుకే మగ్గం మీద ఎన్ని రంగుల పోగులు కలిపినా తెల్లబట్ట రాదు. తెలుపు కావాలంటే నూలు ముందే తెల్లగా ఉండాలి. నలుపు కావాలంటే తొట్టిలోనే నల్లబడాలి.

అలా నల్లబడ్డ నూలు కూడా అన్నిచోట్లా ఒకేలా కనిపించదు. పారిస్‌లోని గోబెలాన్ వస్త్రశాలలో 1824 నుంచి అద్దకం విభాగాన్ని చూసిన రసాయనవేత్త షెవ్రల్‌కు ఓ ఫిర్యాదు వచ్చింది: నీలం, ఊదా బట్టల నీడలకు వాడే నలుపులో పస లేదని. ఆయన పేరున్న ఇతర అద్దకశాలల నల్ల ఉన్ని తెప్పించి పోల్చాడు. అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగే నలుపును వెలవెలబోయేలా చేస్తోంది. నీలం పక్కన నలుపుకు నారింజ ఛాయ, ఎరుపు పక్కన ఆకుపచ్చ ఛాయ తగులుతాయి. 1839లో దీని మీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. నల్ల చీరకు అంచు ఎంచుకునే ప్రతివారికీ పనికొచ్చే సంగతి ఇది.

ఇక ఊరి చరిత్ర. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న మహబూబ్‌నగర్ నుంచి విడివడి జిల్లా అయింది. ఇక్కడి చేనేత చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1630లో శివాజీ వెంట వచ్చిన నేతగాళ్లు ఇక్కడే ఆగిపోయారన్న కథ చాలాచోట్ల అచ్చయింది. నేను నమ్మను: చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకున్న లెక్కలో అది ఆయన పుట్టిన ఏడు. ఆయన గోల్కొండకు వచ్చింది 1677లో.

గళ్ల రిబ్బను
1861లో లండన్‌లో భౌతికవేత్త మాక్స్‌వెల్ ఒక గళ్ల రిబ్బను ఫొటోలను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో తెర మీద ఒకదానిపై ఒకటి వేసి రంగుల బొమ్మ చూపించాడు.

నీలిమందు
పాతబడ్డ తెల్లబట్టలో పసుపు ఛాయ తేలుతుంది. నీలిమందు ఆ పసుపును అణిచేస్తుంది. నిజానికి కాంతి కొంత తగ్గుతుంది, అయినా కంటికి బట్ట తెల్లబడినట్టే ఉంటుంది.

బడిలో న్యూటన్ చక్రం తిప్పితే తెలుపు వస్తుందని చెబుతారు. పిల్లలకు కనిపించేది బూడిద రంగు. ప్రయోగం తప్పలేదు; చక్రం కూడా చీరలాగే రంగులను కూడదు, సగటు చేస్తుంది. వెలుగు, అద్దకం అనే రెండు దారులే నేర్పితే పిల్లలు తమ కంటినే అనుమానిస్తారు. నారాయణపేట బడుల్లోనైనా ఆ చక్రం పక్కన ఒక గళ్ల చీర ముక్క, ఒక భూతద్దం ఉంచాలి.