పాత్రలపై రాజలాంఛనములు

చాళుక్యుల వరాహలాంఛనము నాణెముల కెక్కి, తుదకు ఆ నాణెమునకే పేరై, మన పెద్దల నోట వరహాగా నిలిచినది. నాణెము రాజుది గనుక దానిపై రాజచిహ్న ముండుట వింత గాదు. పళ్లెముల మీదను, దీపపు సెమ్మెల మీదను, చేతులు కడుగుకొను హరివాణముల మీదను అధికారచిహ్నములను చెక్కించుకొనిన వారు కలరు. వారు 1250 మొదలు 1517 వరకు ఈజిప్టును, సిరియాను ఏలిన మమ్లూకులు.

మమ్లూకు అనగా అరబ్బీభాషలో ఒకరి సొత్తైనవాడు, క్రీతదాసుడు. బాలురను కొనితెచ్చి, యుద్ధవిద్య నేర్పి, కొలువున నియోగించుట అచటి మర్యాద. సుల్తానునకు పానపాత్ర నందిచ్చువానికి గిన్నె, వ్రాతపని చూచువానికి కలందాను, ఆయుధధారికి కత్తి, వస్త్రాధికారికి రుమాలు గుర్తులు. వీనిని రంక్ అందురు. పారసీకపు రంగ్ శబ్దమే అరబ్బుల నోట నట్లైనది, అర్థము వన్నె. మన రంగునకు దగ్గరి చుట్టమని వేరుగ చెప్పనేల?

ఇచట విచారింపదగిన సంగతి యేమన, ఆ గుర్తు వంశమును గాక ఊడిగమును తెలుపును. ఖౌసూన్ అను అమీరు అల్ నాసిర్ ముహమ్మదు సుల్తానునకు పానపాత్ర నందిచ్చినవాడు. పిదప ఆయనకే అల్లుడయ్యెను. అంతటివాడయ్యును తాను చేయించిన గాజుదీపముపై గిన్నెనే వ్రాయించుకొనెను. 1341లో సుల్తాను గతింపగా కొంతకాలము రాజ్యమునే నడపి, 1342లో చెరలో చంపబడెను. దీపము మాత్రము న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో నున్నది. అమరసింహుడు కళంక, అంక, లాంఛన శబ్దములను పర్యాయములుగా పఠించెను. దాస్యమును మనము కళంక మందుము, వారికదియే లాంఛనమైనది.

యెమెను నేలిన రసూలీ సుల్తానుల గుర్తు ఐదు రేకుల పువ్వు. అది వంశమునకు చెందినది. వెండి పొదిగిన వారి ఇత్తడి కుంపటిపై గూడ దానిని చూడవచ్చును. ఈజిప్టు పనివారు పొరుగు రాజునకు అతని గుర్తుతోనే చేసి పంపిరన్నమాట.

ఇక పారిసు లూవ్రులోని ఇత్తడి హరివాణము. ముహమ్మదు ఇబ్న్ అల్ జైన్ అను పనివాడు వెండి బంగారములు పొదిగి, తన పేరును ఆరుచోట్ల చెక్కుకొనెను. దీనిని సెయింట్ లూయీ స్నానపాత్ర యందురు గాని, 1270లో మరణించిన ఆ రాజునకు దీనితో సంబంధము కల్పితమే. ఇది తరువాతిదని పెక్కుర మతము. దానిపై డాలు ఆకారపు గళ్లలో నేడున్నవి మమ్లూకుల గుర్తులు కావు; పిదప చెక్కిన ఫ్రెంచిరాజుల కలువలు. 1606లో పదమూడవ లూయీకి అందులోని నీటితోనే జ్ఞానస్నానము చేయించిరి.