హాలే నగరపు తొలి తెలుగు ముద్రణములు

తెలుగు గ్రంథముద్రణము జర్మనీలోని హాలే నగరమున ప్రారంభమైనది. చెన్నపట్టణమున మతప్రచారము చేసి 1743లో స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్, 1746-47 సంవత్సరములలో అచట కొన్ని తెలుగు క్రైస్తవ గ్రంథములను అచ్చొత్తించెను. వానిలో నొకదాని పేరు ‘మోక్షానికి కొంచుపొయ్యే దోవ’. పండితుడైనచో ‘కొనిపోవు త్రోవ’ యని వ్రాసియుండును. మేము ఈ ప్రతులను వెదకుట యీ పలుకుబడి కొరకే. విదేశీయుని తెలుగని వీనిని త్రోసిపుచ్చరాదు. ప్రతి రూపమును జనవ్యవహారమనియు నమ్మరాదు. అచ్చుదోషమేదో, అన్యభాషీయుని పొరపాటేదో నాటి లేఖలతోను, తరువాతి కైఫీయతులతోను పోల్చియే నిర్ణయింపవలెను. మందమర్రి వంటి గనుల పట్టణమున హాలే ప్రతి దొరకునని మేమాశింపము. అయినను పాత ప్రార్థనపుస్తకమేది చేజిక్కినను ముందు ముఖపత్రమున ముద్రణస్థలమును, సంవత్సరమును చూడవలెను. కొత్త అట్ట వేయించునపుడు అంచులు కోయింపరాదు. అంచులలోని చేవ్రాతలు ఆ పుస్తకమును చదివిన వారి తెలుగు.