టెంకా, జీడీ, కంప్యూటరూ

పిల్లలూ, మామిడిపండు తిన్నాక టెంకను పగలగొట్టి చూశారా? లోపల జీడి ఉంటుంది. కంప్యూటరులోనూ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. యంత్రం చేత పని చేయించే అసలు ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. అంటే జీడి. దాని చుట్టూ ఉండి, మన మాట విని లోపలికి చేరవేసేది షెల్. అంటే టెంక.

మన విస్సన్నపేట చుట్టుపక్కల పదో తరగతి చదివే పిల్లలు చాలామంది నూజివీడు ట్రిపుల్ ఐటీలో చేరాలని ఆశపడతారు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో అది ఒక భాగం. ఇటువంటి చోట కంప్యూటర్ విద్య తీసుకున్నవారికి షెల్‌తో పని పడుతుంది. మొదట కాస్త బెరుకే! తెర మీద బొమ్మలుండవు. ఒక గుర్తు మాత్రం మిణుకుమిణుకుమంటూ మన మాట కోసం కాచుకుని ఉంటుంది.

ఆ మాటలు చాలా పొట్టివి. ఫైళ్ళ పేర్లు చూపటానికి ‘ఎల్ఎస్’, నకలు తీయటానికి ‘సీపీ’. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే వ్యవస్థను తయారు చేయసాగారు. అప్పట్లో వారు వాడిన టెలిటైపు యంత్రం సెకనుకు 10 అక్షరాలు మాత్రమే కాగితం మీద కొట్టేది. అందుచేత మాట ఎంత పొట్టిదైతే అంత మేలు. ఇంగ్లీషులో పండితులు కానక్కరలేదు. ఒక ఇరవై మాటలు వస్తే పని మొదలుపెట్టవచ్చు.

మామిడికాయల షెడ్డులో ఒకరు కాయలు ఏరితే, పక్కవారు లెక్కపెట్టి పెట్టెల్లో సర్దుతారు. షెల్ కూడా ఇంతే. అమ్మకాల ఫైలులో బండికొక వరుస చొప్పున రాసి ఉన్నదనుకోండి. ‘గ్రెప్’ అనే పనివాడు చిన్నరసం అని ఉన్న వరుసలను ఏరి ఇస్తాడు. ‘డబ్ల్యూసీ’ వాటిని లెక్కపెడతాడు. ఇద్దరినీ కలిపేది ఒక నిలువు గీత. దాని పేరు పైపు. డగ్లస్ మెకిల్‌రాయ్ సూచన మీద 1973లో అది యూనిక్స్‌లో చేరింది.

చిన్నరసం అని తెలుగులోనే వెతకవచ్చునా? వెతకవచ్చు. ప్రపంచంలోని లిపులన్నిటినీ ఫైళ్ళలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో రూపొందించిన ఇద్దరిలో ఆ థాంప్సనే ఒకడు; రెండవవాడు రాబ్ పైక్.

రోజుకొక ఫైలు చొప్పున 60 రోజుల లెక్క తీయాలంటే 60 సార్లు టైపు చేయాలా? అక్కరలేదు. ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో రాసి ఉంచితే షెల్ వాటిని చదివి, ఒక్కొక్క రోజు ఫైలునూ తీసుకుని తానే పని ముగిస్తుంది. ఆ రాతను స్క్రిప్టు అంటారు. ఒకసారి రాస్తే వచ్చే ఏడు కూడా పనికి వస్తుంది.

అయితే ఒక ప్రమాదం ఉన్నది. షెల్ పరమానందయ్యగారి శిష్యుల వంటిది. చెప్పిన మాటను చేస్తుందే గాని, మన మనసులోని మాట దానికి తెలియదు. ‘ఆర్ఎమ్’ అంటే ఫైలు చెరిపివేయటం. నక్షత్రం గుర్తుకు ‘ఏదైనా సరే’ అని అర్థం. ‘పాత’ అని రాసి, దానికి ఆనించి నక్షత్రం పెడితే, పాత అనే మాటతో మొదలయ్యే ఫైళ్ళు మాత్రమే పోతాయి. మధ్యన ఒక్క ఖాళీ వదిలామో, అక్కడున్న ఫైళ్ళన్నీ పోతాయి! అవి చెత్తబుట్టలోకి కూడా చేరవు. ఏడాది పొడుగునా రాసుకున్న పాఠాలు క్షణంలో మాయం.

అందుకని తెలిసినవారు ముందు ‘ఎల్ఎస్’ పక్కన అదే రాసి, ఏయే పేర్లు వస్తాయో చూసుకుంటారు. తరువాతనే చెరుపుతారు. ముఖ్యమైన ఫైళ్ళకు వేరొక చోట నకలు కూడా ఉంచుకుంటారు.

ఈ విద్యకు కావలసిన మొదటి అలవాటు కంప్యూటరు లేకుండానే అబ్బుతుంది. డిక్టేషన్ రాసేటప్పుడు అక్షరం తప్పకుండా రాయండి. పలక ఇచ్చే ముందు మరొకసారి చదువుకోండి.