చెరిగిపోయిన అడుగుజాడలు

ఏ యింట్లోనైనా దొంగలు పడ్డారని తెలిస్తే వీధి వీధంతా ఆ యింట్లోనే వుంటుంది. ఒకరు బీరువా తలుపు లాగి చూస్తారు. ఇంకొకరు కిటికీ ఊచ పట్టుకు ఊపుతారు. పోలీసులు వచ్చేసరికి దొంగ అడుగుమీద మన అడుగులు వంద పడివుంటాయి. ఇది మన ఊళ్ళకే పరిమితమైన అలవాటు కాదు. లోకమంతా ఊపిరి బిగబట్టి చూసిన ఒక కేసులోనూ ఇదే జరిగింది.

1927లో న్యూయార్కునుంచి పారిస్ దాకా ఎక్కడా ఆగకుండా ఒంటరిగా విమానం నడిపిన చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు చాలామంది వినేవుంటారు. 1932 మార్చి 1వ తేదీ రాత్రి, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని హోప్‌వెల్ దగ్గర, ఆయన యింటి మేడమీద నిద్రపోతున్న ఇరవైనెలల బాబును ఎవరో ఎత్తుకుపోయారు. కిటికీ దగ్గర యాభైవేల డాలర్లు కోరుతూ ఒక చీటీ. కింద బురదలో అడుగుజాడలు. కొంచెం దూరాన విరిగిన కొయ్యనిచ్చెన.

ఇన్ని ఆనవాళ్ళుండగా దొంగ ఎక్కడికి పోతాడు అనిపిస్తుంది. కాని తెల్లవారేలోపలే పోలీసులూ పత్రికలవాళ్ళూ ఆ ఆవరణంతా తిరిగేశారు. ఆ అడుగులకు ప్లాస్టరు అచ్చు తీసినవారు లేరు. గదిలో పనికివచ్చే వేలిముద్ర ఒక్కటీ దొరకలేదు. తరువాత ఒక డాక్టరు సిల్వర్ నైట్రేటు ద్రావకంతో నిచ్చెనమీద వేలిముద్రలు చాలా పైకి తెచ్చాడు. అప్పటికే నిచ్చెన ఎన్ని చేతులు మారిందో! అందులో ఏది దొంగది, ఏది పోలీసుది?

ఏప్రిల్ 2న న్యూయార్కులోని ఒక శ్మశానంలో డబ్బు ముట్టజెప్పారు. బిడ్డ మాత్రం రాలేదు. మే 12న, ఇంటికి నాలుగున్నర మైళ్ళ దూరంలో, రోడ్డుపక్క చెట్లలో శిథిలమైన శవం కనిపించింది. ఆ తల్లి కడుపుకోత సంగతి వేరే చెప్పాలా? తలకు దెబ్బ తగిలి పోయాడన్నారు. కాని శవాన్ని కర్రతో కదిలించేటప్పుడు పుర్రెకు చిల్లు పడిందని ఒక పోలీసు అధికారే తరువాత కోర్టులో చెప్పాడు. మర్నాడే దహనం చేశారు. మళ్ళీ పరీక్షించడానికి ఇక ఏమీ మిగలలేదు.

ఈ కేసు చదివినప్పుడల్లా నన్ను ఆశ్చర్యపరిచేది ఒకటే. అందరూ ఆనవాలనుకున్నవన్నీ పాడైపోగా, ఎవరూ అంతగా పట్టించుకోనిది నిలిచింది. అది నిచ్చెన కొయ్య.

ఆర్థర్ కోలర్ అనే కలపశాస్త్రజ్ఞుడు నిచ్చెనను ముక్కముక్కగా పరీక్షించాడు. చిత్రిక యంత్రం విడిచిన గీతలనుబట్టి, పదిహేనువందలకు పైగా మిల్లులను విచారించి, ఆ కలప బ్రాంక్స్‌లోని ఒక అడితికి చేరిందని 1933లో తేల్చాడు. అక్కడ రొక్కానికే అమ్మకాలు. కొన్నవారి పేర్లు లేవు. దారి మూసుకుపోయింది.

1934 సెప్టెంబరులో ఒక పెట్రోలుబంకు మనిషి, అప్పటికి చెలామణీనుంచి తీసేసిన బంగారు నోటు చేతికి రాగా అనుమానించి, కారు నెంబరు ఆ నోటుమీదే వ్రాసిపెట్టుకున్నాడు. అలా బ్రూనో రిచర్డ్ హాప్ట్‌మన్ అనే వడ్రంగి పట్టుబడ్డాడు. అతని గారేజీలో ఆ సొమ్ములో పద్నాలుగువేల డాలర్ల దాకా బయటపడింది. అటకమీద ఒక బల్లచెక్క తక్కువైంది. నిచ్చెనలోని ఒక బద్ద మేకుచిల్లులు నాలుగూ అక్కడి దూలాల చిల్లులతో సరిపోయాయి.

ఇంతటితో కథ ముగియలేదు. ఆ యిల్లు అప్పటికి పోలీసుల స్వాధీనంలో వుంది. మొదటి సోదాల్లో కనిపించని చెక్క తరువాత ఎలా కనిపించిందని అడిగారు. 1935 ఫిబ్రవరి 13న జ్యూరీ దోషి అన్నది; 1936 ఏప్రిల్ 3న విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అమలుచేశారు. కడదాకా అతను ఒప్పుకోలేదు. భార్య ఆన్నా 1994లో చనిపోయేవరకూ తన భర్త నిర్దోషి అనే వాదించింది.

కొయ్య, డబ్బు చెప్పిన సాక్ష్యం బలమైనదే అని నా ఉద్దేశం. అయినా అతను ఒక్కడే చేశాడా, బిడ్డ ఏ క్షణాన పోయాడు అన్న ప్రశ్నలకు జవాబు ఆ మొదటి రాత్రి బురదలోనే కలిసిపోయింది. ఈనాడు ఒక్క వెంట్రుకతో మనిషిని పోల్చగల శాస్త్రం వచ్చింది. కాని చేతికి అందని వెంట్రుకను ఏ శాస్త్రమూ పోల్చలేదు.

కనుక, అలాంటి ఆపద ఏ యింటికీ రాకూడదు గాని, వస్తే మనం చేయవలసినది కొంచెమే. ఏదీ తాకకుండా, ఏదీ తుడవకుండా, గది తలుపు దగ్గరగా వేసి, పోలీసులకు కబురు చేసి, వచ్చినవారిని గుమ్మంలోనే ఆపడం. బిడ్డను పోగొట్టుకున్న యింటివారికి ఇరుగుపొరుగు చేయగల మేలు అదే.